నీ ఫారం నువ్వే చదువుకో, చిన్నీ

గుంటూరు,
ఆదివారం పొద్దున.

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు వీసా స్లాట్ దొరికిందట. వేలిముద్రలకి ఒక రోజు, ఇంటర్వ్యూకి ఆ మర్నాడు. వినగానే ప్రాణం లేచొచ్చింది తల్లీ. మీ పెద్దనాన్న అప్పటికప్పుడే గోడ మీది క్యాలెండర్ దించి చూసి, "దశమి, మంచి రోజే" అన్నారు.

మాటల మధ్యలో మీ అమ్మ ఇంకో సంగతి చెప్పింది. నీ వీసా దరఖాస్తు, అదే డీఎస్-160 ఫారం, కన్సల్టెన్సీ వాళ్లే నింపి పంపేశారట. లాగిన్, పాస్‌వర్డ్ కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయట. "అందరూ అంతేనక్కా, వాళ్లకి రోజూ అలవాటైన పని" అంది. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకని పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదువు.

ఇంత చదువు చదివావు. నీ పేరు మీద ఇంకో దేశానికి వెళ్లే ఫారంలో ఏం రాశారో చూసుకోలేదా? కోప్పడుతున్నాననుకోకు బంగారం. భయమేసి అంటున్నాను.

మీ మామయ్య అమెరికా వెళ్లిన రోజుల్లో మనకి హైదరాబాదులో కాన్సులేట్ లేదు. వీసా కావాలంటే మద్రాసు పోవాల్సిందే. తాతయ్యా మామయ్యా రాత్రి రైలెక్కి, తెల్లవారి సెంట్రల్‌లో దిగి, జెమినీ ఫ్లైఓవర్ పక్కనున్న కాన్సులేట్ ముందు లైన్లో నిలబడ్డారు. పదో తరగతి సర్టిఫికెట్ మొదలుకొని పొలం పాసుపుస్తకం దాకా అన్నీ ఒకే సంచిలో. అంతకు ముందు రోజు మామయ్య మన వసారాలో పీట మీద కాగితాలు పెట్టుకుని ఆ ఫారం చేత్తో నింపాడు. తాతయ్య పక్కనే కూర్చుని ఒక్కో గడి దగ్గరా ఆపి, "ఇక్కడేం అడిగాడు? నువ్వేం రాశావు?" అని అర్థం చెప్పించుకున్నారు. ఆయనకి ఇంగ్లిషు రాదు. అయినా ఆ ఫారంలో ఏముందో మా ఇంట్లో పనిచేసే కోటమ్మకి కూడా తెలుసు.

2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచాక మనకి ఆ మద్రాసు ప్రయాణాలు తప్పాయి. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనానికి మారింది. వేలిముద్రలు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోనే తీసుకుంటున్నారు. దారి అంత దగ్గరైంది. ఫారం మాత్రం మన చేతుల్లోంచి జారిపోయింది.

నువ్వు చెయ్యాల్సిన మొదటి పని ఇది. ఆ డీఎస్-160 కాపీ మొత్తం ఇవాళే తెప్పించుకో. బార్‌కోడ్ ఉన్న ఒక్క పేజీ కాదు, అన్ని జవాబులూ ఉన్న కాపీ. పక్కన పాస్‌పోర్టు, యూనివర్సిటీ పంపిన ఐ-20 పెట్టుకుని ఒక్కో వాక్యం చదువు. ఆ ఫారం చివర సంతకం ఉంటుంది. చేత్తో కాదు, మౌస్ నొక్కి చేసే సంతకం. ఎవరు నొక్కినా అది నీ సంతకమే. పైన రాసినవన్నీ నిజమని ఒప్పుకున్నది నువ్వే అవుతావు. ఈ ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా అని కూడా అందులో ఒక ప్రశ్న ఉంది. దానికి కన్సల్టెన్సీ వాళ్లు "లేదు" అని పెట్టి ఉంటే, ఆ కాగితం మొదటి అబద్ధంతోనే కాన్సులేటుకి చేరిందన్నమాట.

ఇంకోటి. అమెరికాలో నీకు బంధువులెవరైనా ఉన్నారా అని అడుగుతారు. అమ్మానాన్నల గురించి వేరే, తోబుట్టువుల్లాంటి దగ్గరి వాళ్ల గురించి వేరే, మిగతా బంధువుల గురించి వేరే. మీ మామయ్య డల్లాస్‌లో ఉన్నాడు. అది దాచాల్సిన సంగతా? కాదు. "ఉన్నారంటే అక్కడే ఉండిపోతారనుకుంటారు" అని చెప్పి ఈ ప్రశ్నకి "లేరు" అని పెట్టించే వాళ్లున్నారని విన్నాను. ఆ మామయ్య ఇంట్లోనే మొదటి వారం దిగుతావు కదా. రేపు విమానాశ్రయంలో ఎక్కడికి వెళుతున్నావంటే ఏం చెబుతావు? బంధువు ఉన్నాడని వీసా పోయిన పిల్లలు నాకు తెలియదు. అబద్ధం ఆడారని తేలితే మాత్రం అమెరికా చట్టంలో అది జీవితాంతం వెంటాడే నేరం. మామూలు తిరస్కరణ అయితే మళ్లీ అప్లై చేసుకోవచ్చు. మోసం అని రాశారంటే ఆ తలుపు ఇంచుమించు శాశ్వతంగా మూసుకున్నట్టే.

సోషల్ మీడియా సంగతి కూడా చూసుకో. గత అయిదేళ్లలో నువ్వు వాడిన ఖాతాల పేర్లన్నీ ఆ ఫారంలో రాయాలి. ఇంటర్లో తెరిచి వదిలేసిన ఇన్‌స్టాగ్రామ్ కూడా. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకి వెళ్లే వాళ్లంతా తమ ఖాతాలని అందరికీ కనిపించేలా ఉంచాలని అమెరికా వాళ్లు చెప్పారు. నీ ఖాతాలో దాచాల్సిందేమీ లేదని నాకు తెలుసు. నీ పెట్టెలో ఇంకొకళ్లు చెయ్యి పెట్టి చూస్తున్నట్టు ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. నాకూ నచ్చలేదు. అయినా ఒక ఖాతా రాయకుండా వదిలేస్తే దాచినట్టు లెక్క.

తప్పులు దొరికితే కంగారు పడకు. పంపేసిన ఫారంలో దిద్దుబాటు కుదరదు కానీ, కొత్తది నింపుకోవచ్చు. కొత్త నంబరు వస్తుంది. ఆ నంబరుని అపాయింట్‌మెంట్ ప్రొఫైల్లో కూడా మార్చాలి. రెండూ కలవకపోతే వేలిముద్రల దగ్గరే వెనక్కి పంపిస్తారు. అందుకే లాగిన్ నీ చేతిలో ఉండాలి. స్లాట్ల కోసం లాగిన్లు ఏజెంట్లకి ఇచ్చేయడం ఇప్పుడు మామూలైపోయింది. 2025 మార్చిలో అమెరికా ఎంబసీ వాళ్లు, బాట్లతో పట్టేసిన అపాయింట్‌మెంట్లని గుర్తించి రెండు వేల దాకా రద్దు చేశారు. ఆ స్లాట్ల వెనక ఎంతమంది పిల్లలున్నారో ఆలోచించు. పాస్‌వర్డ్ ఇవాళే మార్చెయ్యి. వాళ్లేమైనా అనుకుంటారని మొహమాట పడకు. ఫీజు కట్టాం కదా, మొహమాటం ఎందుకు?

నేను బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ల సీటులో చాలా ఏళ్లు కూర్చున్నానని నీకు తెలుసు. ఎన్ని ఐ-20లు చూశానో. పిల్ల కంటే ముందు తండ్రి వస్తాడు. చేతిలో ఫైలు, కళ్లలో ఆశ. ఒకాయన గుర్తున్నాడు. పొద్దున పదిన్నరకి వాళ్ల అబ్బాయి ఖాతాలో పాతిక లక్షలు పడ్డాయి. పదకొండుకి బ్యాలెన్స్ సర్టిఫికెట్ కావాలని నా ఎదురుగా కూర్చున్నాడు. డబ్బెక్కడిదని అడిగితే తలొంచుకున్నాడు. వీసా అయ్యేదాకా ఎవరో సర్దారట, వడ్డీ కాక కమీషన్ కూడానట. ఖాతాలో ఎంతుందో సర్టిఫికెట్ ఇవ్వడం నా పని కాబట్టి ఇచ్చాను. అయితే ఆ డబ్బు ఏ రోజు పడిందో కూడా స్టేట్‌మెంట్‌లో అచ్చవుతుందండీ అని చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. తర్వాత గంటసేపు కూర్చోబెట్టి లెక్క వేశాం. ఇల్లు హామీగా పెడితే ఎంత లోన్ వస్తుంది, తల్లి పేరు మీద పోస్టాఫీసులో ఎంతుంది, ఆయన జీతం ఎంత. ఉన్నదే సరిపోయింది. లేనిది చూపించాల్సిన అవసరమే ఆయనకి లేదు. ఎవరో భయపెట్టారు, అంతే.

నీ సంగతికొస్తే లోన్ శాంక్షన్ లెటర్ ఉంది, మీ నాన్న జీతం ఉంది. ఐ-20లో మొదటి ఏడాదికి ఎంత ఖర్చవుతుందో యూనివర్సిటీ వాళ్లే రాసిచ్చారు. ఆ అంకె నీకు నోటికి రావాలి. లోన్ ఎంత, మిగతాది ఎక్కడి నుంచి వస్తుంది అని అడిగితే ఫైలు తిప్పకుండా చెప్పగలగాలి. డాలర్లలో ఒకసారి, రూపాయల్లో ఒకసారి కాగితం మీద రాసి చూసుకో. మీ నాన్నతో కూర్చుని రాయి. లోన్ కోసం మీ ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టేటప్పుడు ఆయన నీకు చెప్పి ఉండరు. నువ్వు అడిగితే చెబుతారు. నీకూ తెలియాలి తల్లీ, ఆ సంతకం బరువెంతో.

పేరు దగ్గర కూడా జాగ్రత్త. మన తెలుగు వాళ్లకి ఇది పెద్ద చిక్కు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో కొందరు మొత్తం పేరంతా ఒకే గడిలో రాయించుకుని ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. అలా ఉంటే వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు కింద పడి, అసలు పేరు గడిలో "ఎఫ్‌ఎన్‌యూ" అని అచ్చవుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అక్కడికెళ్లాక బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు లాంటివాటిలో ఆ మూడక్షరాలే పేరైపోయిన పిల్లలున్నారు. మీ అమ్మ ముద్దుగా పెట్టుకున్న పేరు అక్కడ ఎవరూ పిలవకపోతే ఎలా? నీ పాస్‌పోర్టులో రెండు గడులూ నిండి ఉన్నాయని మీ అమ్మ చెప్పింది. ఐ-20లోనూ, విదేశీ విద్యార్థుల రికార్డు పెట్టే సెవిస్‌కి కట్టిన ఫీజు రసీదులోనూ అదే వరసలో, అవే అక్షరాలతో ఉన్నాయా చూడు. ఆ మూడు వందల యాభై డాలర్ల రసీదు ప్రింటు తీసి ఐ-20తోనే ఉంచు. ఐ-20 మీద నీ సంతకం చెయ్యడం మర్చిపోకు. చాలామంది మర్చిపోతారు.

ఇక ఇంటర్వ్యూ. కిటికీ ముందు నిలబడేది రెండు మూడు నిమిషాలే. ఆ రెండు నిమిషాల కోసం నెలల తరబడి భయపడ్డావు. వాళ్ల వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. నీలా స్టూడెంట్ వీసాకి వచ్చిన ప్రతి ఒక్కరూ అక్కడే స్థిరపడటానికి వస్తున్నారని ముందే అనుకోమంటుంది ఆ చట్టం. కాదని చూపించుకోవాల్సింది మనమే. అందుకే ఆ ఆఫీసర్ ముఖం గంభీరంగా ఉన్నా నీ మీద కోపం అనుకోకు. కన్సల్టెన్సీలో బట్టీ పట్టించిన జవాబులు చెప్పకు. ఒకే మాట రోజంతా వింటూ కూర్చున్న మనిషికి అది బట్టీయమని తెలియదా? "ఈ కోర్సు ఎందుకు" అంటే, నువ్వు బీటెక్ ప్రాజెక్టులో మన మిర్చి యార్డు ధరల మీద చేసిన పని చెప్పు. రోజుకెన్ని బస్తాలొస్తే ధర ఎంత పడిపోతుందో లెక్క కట్టడానికి ఎండలో యార్డులో తిరిగావే, అది చెప్పు. ఆ పనిని ముందుకు తీసుకెళ్లే ప్రొఫెసర్లు డెంటన్‌లోని నీ యూనివర్సిటీలో ఎవరున్నారో, ఏ సబ్జెక్టులు తీసుకుంటావో చెప్పు. నీ గొంతులోంచి వచ్చేది చాలు.

ఫోన్, స్మార్ట్ వాచీ లోపలికి రానివ్వరు. మీ నాన్న చేతిలో పెట్టి వెళ్లు. ఐ-20, పాస్‌పోర్టు, డీఎస్-160 పేజీ, సెవిస్ రసీదు పైన ఉండాలి. మిగతావి అడిగితేనే తియ్యి. అడగని కాగితం ముందుకు తొయ్యకు.

ఒకవేళ రాలేదనుకో. ఆ మాట నోటితో అనడం ఇష్టం లేదు గానీ, చెప్పకుండా ఉండలేను. ఏ సెక్షన్ కింద తిరస్కరించారో రాసిన కాగితం ఇస్తారు. ఆ నూట ఎనభై అయిదు డాలర్ల ఫీజు వెనక్కి రాదు, అప్పీలు ఉండదు. మళ్లీ అప్లై చేసుకోవచ్చు, అప్పుడు ఈ తిరస్కరణ గురించి తప్పక రాయాలి. 221(జి) అని రాసిచ్చారంటే ఇంకా ఏదో కాగితమో పరిశీలనో మిగిలి ఉందని. ఏదైనా సరే, అక్కడే నిలబడి ఏడవకు. బయటికి రా, మీ నాన్న చెయ్యి పట్టుకో, ఏదైనా తిను, తర్వాత నాకు ఫోన్ చెయ్యి. నీ విలువ ఆ రెండు నిమిషాల్లో తేలేది కాదు. మా ఇంట్లో ఎవ్వరూ నిన్ను ఒక్క మాట అనరు, అననివ్వను.

చిలుకూరు బాలాజీ గుడికి వెళ్దామని మీ అమ్మ అంది. వెళ్దాం. నేనూ వస్తాను. పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకో. వీసా వచ్చాక నూట ఎనిమిదికీ నీతో పాటు తిరుగుతాను, మోకాళ్లు నొప్పులన్నా వినను. ఇంటికొచ్చి ఆ రాత్రి ఫారం మాత్రం ఇంకోసారి చదువుకోవాలి.

వీసా చేతికొచ్చాక అంతా అయిపోయిందనుకుంటారు. ఇక్కడే నాకు ఎక్కువ దిగులు. వీసా అంటే గుమ్మం దాకా తీసుకెళ్లే చీటీ. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది విమానాశ్రయంలో కూర్చున్న అధికారి చూస్తాడు. 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోలలో ఒక్కరోజే ఇరవై ఒక్కమంది విద్యార్థుల్ని వెనక్కి పంపేశారు. ఎక్కువమంది మన ఆంధ్ర, తెలంగాణ పిల్లలే. వీసాలు ఉన్నవాళ్లే. ఫోన్లూ, చాటింగులూ చూశారని అప్పట్లో పేపర్లలో వచ్చింది. అలా అక్కడికక్కడే పంపేస్తే అయిదేళ్లపాటు మళ్లీ అడుగు పెట్టనివ్వరు. అందుకని వాట్సాప్ గ్రూపుల్లో "అక్కడ ఏ పెట్రోల్ బంకులో పని దొరుకుతుంది" అనే కబుర్లలోకి దిగకు. పని చెయ్యాలన్న ఉద్దేశమే నీకు లేకపోతే ఆ మాటే రాదు. ఐ-20, పాస్‌పోర్టు, లోన్ లెటర్ చేతి సంచిలో పెట్టుకో. పెద్ద పెట్టెల్లో ఆవకాయ పక్కన పెట్టావంటే నువ్వు దిగిన చోట అవి నీ దగ్గర ఉండవు. కోర్సు మొదలయ్యే తేదీకి ముప్ఫై రోజుల కంటే ముందు దిగకూడదు. మీ మామయ్య పిల్లల పుట్టినరోజని ముందుగా టికెట్ తియ్యకండి. దిగాక ఆన్‌లైన్లో నీ రాక రికార్డు, ఐ-94, తీసి చూడు. ఎఫ్-1 అనీ, పక్కన డి/ఎస్ అనీ ఉండాలి. చదువు సక్రమంగా సాగినంత కాలం ఉండొచ్చని దాని అర్థం.

ఆ "సక్రమంగా" అన్నచోటే చాలామంది పిల్లలు జారిపోతున్నారు. 2011లో కాలిఫోర్నియాలో వీసా మోసం మీద ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు అందులో చేరిన వాళ్లలో ఎక్కువమంది మన రాష్ట్రం వాళ్లే. కొందరి కాళ్లకి ట్యాగులు తగిలించారు. పేపర్లో ఆ ఫొటో చూసి మీ అమ్మమ్మ అన్నం ముట్టలేదు. ఆ యూనివర్సిటీ నడిపినావిడకి 2014లో పదహారేళ్లకు పైగా జైలు పడింది. మళ్లీ 2019 మొదట్లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. అది అసలు యూనివర్సిటీయే కాదు, అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లు పెట్టిన వల. క్లాసులు లేవు, పంతుళ్లు లేరు. మొదట అరెస్టయిన నూట ముప్ఫై మందిలో నూట ఇరవై తొమ్మిది మంది భారతీయులు, ఎక్కువమంది తెలుగు వాళ్లు. పిల్లల్ని అందులో చేర్పించిన ఏజెంట్లూ మన వాళ్లే. సొంత భాష మాట్లాడేవాడు కదా అని నమ్మారు. క్లాసుకి వెళ్లకుండా ఉద్యోగం చేసుకోవచ్చు అని ఎవరు చెప్పినా, తెలుగులో చెప్పినా, మన ఊరివాడు చెప్పినా, నువ్వు లేచి వచ్చెయ్యి.

చదువుకునే రోజుల్లో యూనివర్సిటీలో వారానికి ఇరవై గంటల దాకా పని చెయ్యొచ్చు. బయట హోటల్లోనూ, బంకులోనూ చేతికి డబ్బులిచ్చే పని ఏదీ కుదరదు. ఎందుకు చేస్తారో నాకు తెలుసు చిన్నీ. అప్పు గుర్తొస్తుంది. ఇంటి నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ "పార్ట్ టైం దొరికిందా?" అని మేమే అడుగుతాం. ఆ పిల్లల్ని ఆ పని దగ్గరికి నెట్టింది సగం మా మాటలే. మీ అమ్మకి చెప్పేశాను, ఆ ప్రశ్న నిన్ను అడగొద్దని. నీ లోన్‌కి కోర్సు అయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదాలు మొదలవ్వవు. వడ్డీ పెరుగుతుంది, పెరగనీ. ఇరుగ్గా అనిపిస్తే నాకు చెప్పు. నా పెన్షన్ ఎందుకుంది?

యూనివర్సిటీలో డీఎస్‌ఓ అని ఒకరుంటారు, విదేశీ విద్యార్థుల రికార్డు చూసేవాళ్లు. వెళ్లిన వారంలోనే వెళ్లి పరిచయం చేసుకో. సబ్జెక్టు వదిలేయాలన్నా, ఇల్లు మారినా, ఇంటికి రావాలన్నా ముందు అక్కడికే. ఇల్లు మారితే పదిరోజుల్లోగా చెప్పాలి. క్లాస్‌మేట్ చెప్పింది వినకు, సీనియర్ చెప్పింది వినకు, నేను చెప్పింది కూడా వాళ్లని అడిగే చెయ్యి. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దు చేశారు, కొందరివి చిన్న ట్రాఫిక్ కేసుల మీద. కోర్టులు జోక్యం చేసుకున్నాక తిరిగి ఇచ్చారు. ఆ వారాల్లో ఆ పిల్లలు ఎలా నిద్రపోయి ఉంటారో. అందుకని బండి నడిపేటప్పుడు జాగ్రత్త. తాగి నడిపేవాళ్ల కారెక్కకు. షాపులో ఏ చిన్న వస్తువూ బిల్లు వెయ్యకుండా బయటికి తేవద్దు, తోటివాళ్లు సరదా అన్నా సరే.

చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఏడాది ఓపీటీ ఇస్తారు, నీ కోర్సుకి ఇంకో రెండేళ్లు కలుస్తాయి. మొదటి ఏడాదిలో తొంభై రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉంటే ఆ అవకాశం పోతుంది. ఆ తర్వాత హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బికి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. చదువుకుంటూ అక్కడే ఉండి మారేవాళ్లకి అది వర్తించదని తర్వాత చెప్పారు. అందులో ఏది ఎన్నాళ్లుంటుందో తెలియదు కాబట్టి, అక్కడ ఉద్యోగం ఖాయమనుకుని మాత్రం అప్పు లెక్క వెయ్యకండి. మన దగ్గర జీతంతో కూడా తీర్చగలిగినంతే చెయ్యండి. ఇది మీ నాన్నకి గట్టిగా చెప్పాను, కొంచెం నొచ్చుకున్నారు. ఫర్వాలేదు.

మన చంటిగాడు కూడా చదువుకి వచ్చే ఏడాది జర్మనీ అంటున్నాడట, లేకపోతే లండన్ అట. వాడికీ ఈ ఉత్తరం చూపించు. జర్మనీ అయితే మన చదువు కాగితాలు సరిచూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ ముందే తీసుకోవాలి, ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో వెయ్యాలి. లండన్ అయితే చూపించాల్సిన డబ్బు వరసగా ఇరవై ఎనిమిది రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. ఇరవయ్యో రోజున చెల్లెలి ఫీజు కట్టాలని తీసి మళ్లీ వేసిన కుటుంబాలని నేను చూశాను. ఒక్కరోజు తగ్గినా రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచే. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి, ఏ దేశానిది ఆ దేశపు ప్రభుత్వం వాళ్ల సైట్లోనే చూసుకోమను.

చాలా రాశాను. చెయ్యి నొప్పెడుతోంది, మీ పెద్దనాన్న టిఫిన్ చల్లారిపోయిందని గొడవ చేస్తున్నారు. ఈ ఉత్తరం ఫొటో తీసి మీ అమ్మకి పంపిస్తాను, అసలుది మీ నాన్న బుధవారం వచ్చినప్పుడు ఇస్తాను. హైదరాబాదులో ఇంటర్వ్యూకి ముందు రెండు రాత్రులూ కూకట్‌పల్లిలో మీ అత్తయ్య వాళ్లింట్లో ఉండండి, నేను మాట్లాడాను. పొద్దున నానక్‌రామ్‌గూడకి ట్రాఫిక్ ఎక్కువ, తొందరగా బయల్దేరండి.

డీఎస్-160 కాపీ రాగానే నాకు వాట్సాప్ చెయ్యి. ఇద్దరం ఫోన్లో ఒక్కో ప్రశ్నా చదువుకుందాం, తాతయ్య మామయ్యని అడిగినట్టే నిన్ను అడుగుతాను. రాత్రి పదకొండు దాకా మేలుకునే ఉంటాను, ఎప్పుడైనా చెయ్యి.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ